డేరా మోసినోళ్ల చరిత్ర

పోయిన భాగంలో మన జిల్లా చెరువుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఆ చెరువు గట్టున వేసే డేరా గురించి మాట్లాడుకుందాం.

మెదక్ నుంచి ఎల్లారెడ్డి పోయే తొవ్వలో పదిహేను కిలోమీటర్లు పోతే పోచారం చెరువు వస్తుంది. మంజీరలో కలిసే ఆలేరు వాగుకు అడ్డంగా కట్టిన ఈ ఆనకట్ట 1922 నాటికి పూర్తయింది. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేట స్థలం. 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. దుప్పులు, మనుబోతులు, ఎలుగుబంట్లు ఉన్నాయి. చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే బాతులు దిగుతాయి. సెలవు రోజుల్లో పట్నం నుంచి కార్లలో, బైకుల మీద జనం వస్తారు. కొందరు డేరాలు వెంట తెచ్చుకుంటారు.

మా డిగ్రీ విద్యార్థి ఒకతను ఈ మధ్య అడిగాడు: "సార్, అడవిల డేరాలేసుకుని పండుడు, నెలలకొద్దీ బండి మీద దేశం తిరుగుడు పైసలున్నోళ్ల పని. దాంట్ల మన చరిత్ర ఏముంటది?"

ప్రశ్న మంచిది. ఈ వ్యాసమంతా అతనికి జవాబే. ఈ నేల మీద పెద్దోళ్లు వేసిన ప్రతి డేరా చుట్టూ మనవాళ్లున్నారు. గుంజ మోసినవాళ్లు, కట్టెలు కొట్టినవాళ్లు, నీళ్లు తెచ్చినవాళ్లు, రాత్రంతా కావలి కాసినవాళ్లు. క్యాంపింగ్ మనకు కొత్త కాదు. దానికి కూలి అడగడం, దాంట్లో పడుకోవడం మాత్రమే కొత్త.

మాటల్లో దాగిన మనుషులు

సాహిత్యం చదువుకున్నవాణ్ని కాబట్టి ముందు మాటల దగ్గర మొదలుపెడతాను. మజిలీ, మకాం, డేరా, దౌరా, విడిది, గుడారం. దారిలో ఆగడానికి తెలుగులో ఎన్ని మాటలో చూడండి. వీటిలో మజిలీ, మకాం, దౌరా అరబ్బీ మూలం నుంచి పాలన భాషల ద్వారా మన నోట్లోకి వచ్చినవి. తాసీల్దారు వస్తే మకాం. అతను ఊళ్లు తిరిగితే దౌరా. పెళ్లివారికి విడిది. సైన్యానికి డేరా.

మరి కూలి కోసం ఊరు విడిచి, చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని, పట్టా కప్పుకుని పడుకునే పాలమూరు మేస్త్రీ గుంపు ప్రయాణానికి ఏం పేరుంది? వలస. ఒకే ఆకాశం కింద, అదే నేల మీద నిద్ర. ఒకరిది విహారం, ఇంకొకరిది వలస. మాట మారింది కులాన్ని బట్టి, జేబును బట్టి.

కాశీ దారిలో కావడి

తెలుగులో దూర ప్రయాణపు రాతలంటే మొదట చెప్పుకునేది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలలు దారి మీదే. పుస్తకం 1838లో అచ్చయింది. హైదరాబాదు నుంచి నిర్మల్ మీదుగా నాగపూరు దారి పట్టాడు కాబట్టి మన ప్రాంతం కూడా ఆయన తొవ్వలో ఉంది. ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి, దిగడానికి చోటెలా ఉంది అని మజిలీ మజిలీకి రాసుకున్నాడు. ఇవాళ రోడ్డు ప్రయాణాలు చేసేవాళ్లు ఫోన్‌లో చూసుకునే వివరాలన్నీ దాదాపు రెండు వందల ఏళ్ల కింద ఆయన కలంతో రాశాడు. ఆ విలువ తక్కువది కాదు. నేను క్లాసులో గౌరవంగానే చెప్తాను.

కానీ ఆయన ఒంటరిగా పోలేదు. వెంట సుమారు వంద మంది పరివారం. ఆయన పల్లకీలో పోయాడు. పల్లకీ తనంతట తాను నడవదు. బోయీల భుజాల మీద నడుస్తుంది. మద్రాసు నుంచి కాశీ దాకా, మళ్లీ వెనక్కి, ఎండలో, వానలో, వాగుల్లో నడిచినవాళ్ల కాళ్లకు కూడా ఒక యాత్ర ఉంది. ఆ యాత్ర రాసినవాడు లేడు. అక్షరం ఒకరి చేతిలో ఉండి, బరువు ఇంకొకరి భుజం మీద ఉన్నప్పుడు చరిత్ర ఎవరి పేరు మీద పట్టా అవుతుందో చెప్పనక్కర్లేదు.

తర్వాత మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' వచ్చాయి. ఆ కథల చట్రం మీకు తెలిసిందే. మణిసిద్ధుడు కాశీకి పోవాలి, తోడు కావాలి. గోపుడనే పశువుల కాపరి ఒప్పుకుంటాడు, అడిగినప్పుడల్లా కథ చెప్పాలన్న షరతు మీద. సామాను గోపుడు మోస్తాడు. దారిలో వింత చూసేదీ అతనే, ఇదేమిటని అడిగేదీ అతనే. అతను అడగకపోతే ఆ సంపుటాల్లో ఒక్క కథ కూడా పుట్టదు. ఆ చట్రంలో ప్రశ్న మోసేవాడిది, జవాబు చదువుకున్నవాడిది. పిల్లలకు ఆ కథలు చెప్పేటప్పుడు గోపుడి వైపు నుంచి ఒక్కసారి చదవమంటాను. మోస్తున్నవాడి కండ్లకు కనిపించిన లోకం ఎంత పెద్దదో తెలుస్తుంది.

దౌరా వచ్చిందంటే

ఇప్పుడు నిజాం కాలపు మన పల్లెకు వద్దాం. అధికారి దౌరాకు వస్తున్నాడంటే ఊరికి పండుగ కాదు, పిడుగు. పటేలు, పట్వారీకి కబురు అందుతుంది. వాళ్ల నుంచి వాడకు హుకుం వస్తుంది. వెట్టి అంటే ఒక్క కులం పని కాదు. అది ఊరంతటినీ కులాల వారీగా కట్టేసిన తాడు. కుమ్మరి కుండలు తేవాలి, వంట చేయాలి. చాకలి బట్టలు ఉతకాలి, రాత్రి దివిటీ పట్టాలి. మంగలి ఒళ్లు పట్టాలి. గొల్ల గొర్రెనివ్వాలి. గౌడు కల్లు పొయ్యాలి. బోయీ మేనా మొయ్యాలి. మాల, మాదిగలకైతే ఫలానా పని అని లేదు, ఏ పనైనా చెయ్యాలి. ఇంటికొక మనిషి పోవాలి. సామాను పక్క ఊరి పొలిమేర దాకా మోయాలి, గుర్రాలకు గడ్డి కొయ్యాలి, కట్టెలు కొట్టాలి, బండి ముందు ఉరకాలి, కచేరీకి కాగితాలు చేరెయ్యాలి. సుందరయ్య 'వీర తెలంగాణ విప్లవ పోరాటం' తెరిచి చూడండి, ఈ పనుల పట్టిక పేజీలకొద్దీ ఉంటుంది. మాడపాటి హనుమంతరావు 'తెలంగాణా ఆంధ్రోద్యమము'లోనూ వెట్టి మీద జరిగిన ప్రయత్నాల కథ ఉంది.

దౌరా కన్నా పెద్ద దెబ్బ వేట. పులి వేట అంటే తుపాకీ పట్టినవాడి ధైర్యమనే మనకు చూపించారు. దాని లోపలి పని వేరు. దొర మంచె మీద కూర్చుంటాడు. పదులు, వందల మంది మనుషులు అడవికి ఇంకో దిక్కున వరుసగా నిలబడి, డప్పులు కొడుతూ, డబ్బాలు వాయిస్తూ, కేకలు పెడుతూ మృగాన్ని మంచె వైపు తోలుకొస్తారు. చేతిలో కట్టె తప్ప ఏమీ లేని మనిషి పులికి ఎదురు నడుస్తాడు. చేతిలో తుపాకీ ఉన్నవాడు చెట్టు మీద ఉంటాడు. పులి వెనక్కి తిరిగితే ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. మనం పుట్టుక నుంచి చావు దాకా వాయించే డప్పును అక్కడ మన ప్రాణం మీదికే వాయించమన్నారు.

1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాదు రాజ్యానికి వచ్చి వరంగల్ వైపు నెక్కొండ దగ్గర వేటాడాడు. రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. కర్జన్, ఆయన భార్య, ముందర చచ్చిన పులి. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కూడా హైదరాబాదు అతిథిగా వచ్చి వేటాడి పోయాడు. ఏ పులి ఎన్ని అడుగులో కొలిచి రాసే అలవాటు ఉన్న కాలం అది. డప్పు కొట్టినవాడి పేరు రాసే అలవాటు మాత్రం లేదు. అడుగుజాడ చూసి పులి ఎటు పోయిందో, ఏ మడుగులో నీళ్లు తాగుతుందో చెప్పిన విద్య ఆ మనిషిది. ఆ విద్యకు పేరు పెట్టలేదు, దాని మీద పుస్తకం రాయలేదు.

వెట్టి మీద మాట లేవకుండా పోలేదు. 1921లో ఆంధ్రజన సంఘం పుట్టాక వెట్టి మీద ప్రచారం మొదలైంది. 1930 మార్చిలో మొదటి ఆంధ్ర మహాసభ మన పక్కనే, అప్పటి మెదక్ జిల్లా జోగిపేటలో జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. అదే సభలో భాగ్యరెడ్డి వర్మ మాట్లాడబోతే సవర్ణ ప్రతినిధుల్లో కొందరు అడ్డం తిరిగారు. వెట్టి పోవాలనే సభలోనే వెట్టి చేసే వాడ నుంచి వచ్చిన మనిషి గొంతు కొందరికి బరువైంది. 1906 నుంచే జగన్మిత్ర మండలి పెట్టి పని చేస్తున్న నాయకుడాయన. జోగిపేట తొవ్వలో పోయినప్పుడల్లా ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

బాబాసాహెబ్ విహారయాత్ర

ఇక ఈ వ్యాసానికి గుండెకాయ లాంటి సంగతి. అంబేడ్కర్ విహారయాత్రకు పోయాడని మనలో ఎంతమందికి తెలుసు? 1934లో పోయాడు. అదీ మన నిజాం రాజ్యంలోకే. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు.

ఉద్యమంలో పని చేసే సహచరులు సుమారు ముప్పై మంది, అందరూ అంటరానివాళ్లు అనబడేవాళ్లు, ఎక్కడికైనా తిరిగి వద్దామన్నారు. వేరూళ్ గుహలు చూడాలని అనుకున్నారు. ఎల్లోరా అని మనం పిలిచేది అదే. నాసిక్‌లో కలుసుకుని ఔరంగాబాదు వైపు మోటార్లలో బయల్దేరారు. దారిలో ఇబ్బంది రాకూడదని, ఆగే చోట్ల తప్ప ఎక్కడా తామెవరో చెప్పొద్దని నిర్ణయించుకున్నారు. అప్పటికి ఆయన లండన్, న్యూయార్క్ చదువులు ముగించి, రౌండ్ టేబుల్ సమావేశాల్లో మాట్లాడి వచ్చిన మనిషి. గుహలు చూడడానికి పోతూ పేరు దాచుకోవాల్సి వచ్చింది.

దౌలతాబాదు కోట దగ్గర దిగారు. రంజాన్ నెల. కోట గుమ్మం బయట నిండుగా నీళ్లున్న చిన్న కొలను, చుట్టూ రాతి గట్టు. ఒంటి నిండా దారి దుమ్ము. కొందరు ఆ నీళ్లతో ముఖం, కాళ్లు కడుక్కున్నారు. అంతే. కోట గుమ్మంలోకి అడుగు పెట్టారో లేదో, వెనక నుంచి ఒక ముసలాయన అరుస్తూ వచ్చాడు, అంటరానివాళ్లు కొలను మైల చేశారని. క్షణంలో గుంపు చేరింది. తిట్లు మొదలయ్యాయి. ఇదేనా మీ మతం నేర్పింది, ఒక అంటరానివాడు మీ మతంలోకి వస్తే అప్పుడు కూడా ఈ నీళ్లు ముట్టనివ్వరా అని అంబేడ్కర్ నిలదీశాడు. గుంపు చల్లబడింది. చివరికి కోట లోపలికి పోనిచ్చారు, కానీ ఎక్కడా నీళ్లు ముట్టుకోకూడదన్నారు. అది చూసుకోడానికి ఆయుధం పట్టిన సిపాయిని వెంట పంపారు.

ఆ దృశ్యం ఊహించుకోండి. దొరల విహారానికి వెంట నడిచేది సామాను మోసే వెట్టివాడు. మన విహారానికి వెంట నడిచింది కాపలా సిపాయి. హిందువుకు అంటరానివాడు ఈ దేశంలో మిగతా మతాల వాళ్లకూ అంటరానివాడే అవుతాడని చూపించడానికి ఆయన ఆ సంగతి రాశాడు. ప్రయాణాల గురించి ఆలోచించే మనకు ఇంకొకటి కూడా కనిపించాలి. ఒక మనిషి దేశం తిరగడానికి టికెట్టు, బండి, డేరా ఉంటే చాలదు. నీళ్లు కావాలి. దారిలో నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో దారి వాళ్లదే.

ఏడేళ్ల తర్వాత, 1941లో జాషువా 'గబ్బిలం' వచ్చింది. అందులో దళితుడు కాశీకి తాను పోడు. తన గోడు మోసుకుపొమ్మని గబ్బిలాన్ని పంపుతాడు. ఊళ్లు, కోటలు, నదులు దాటిపోయే ఆ దారి వర్ణనను మనం సాహిత్య సౌందర్యంగా చదువుతాం. దౌలతాబాదు కొలను గుర్తు పెట్టుకుని చదవండి. మనిషి కాలు పోలేని చోటికి పక్షి లాంటి జంతువు ఎందుకు పోవాల్సి వచ్చిందో అర్థమవుతుంది.

సముద్రం అవతల

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో 1872లో ఎల్లోస్టోన్‌ను నేషనల్ పార్కు చేశారు. అక్కడ తిరిగిన ఆదివాసులను బయటికి నెట్టి, మనుషుల్లేని ప్రకృతి అని పేరు పెట్టారు. 1903లో సెకోయా పార్కులో మహావృక్షాల అడవికి బండి దారి వేయించింది నల్లజాతి సైనికులు. వాళ్ల కెప్టెన్ చార్లెస్ యంగ్ బానిసత్వంలో పుట్టినవాడు. దారి వేసింది నల్లవాళ్లు. మరి ఆ దారుల మీద నల్ల కుటుంబం ధైర్యంగా పోగలిగిందా? న్యూయార్క్ హార్లెంలో ఉంటూ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసిన విక్టర్ గ్రీన్ 1936లో ఒక చిన్న పుస్తకం మొదలుపెట్టాడు. నల్లవాళ్లను ఏ హోటల్ రానిస్తుంది, ఏ పెట్రోలు బంకు దగ్గర ఆగొచ్చు అనే జాబితా అది. 'గ్రీన్ బుక్' అని పేరుపడి ముప్పై ఏళ్లు నడిచింది. వర్జీనియాలోని షెనాండోవా పార్కులో 1939లో నల్లవాళ్లకు వేరే క్యాంపు స్థలం తెరిచారు, లూయిస్ మౌంటెన్ అని. అడవిలో కూడా వాడ! ఆ వేర్పాటు పూర్తిగా పోవడానికి 1950 వచ్చింది.

1934లో అంబేడ్కర్ దళం, 1936లో గ్రీన్ బుక్. ఒకరికొకరు తెలియకుండానే రెండు ఖండాల్లో ఒకే సమస్యకు రెండు జవాబులు. మనవాళ్లు ఎవరమో చెప్పకుండా పోదామన్నారు. వాళ్లు మనల్ని రానిచ్చే తావులన్నీ రాసి పెట్టుకుందామన్నారు.

మన మజిలీలు

ఇంత చదివాక, మనవాళ్లు ఎప్పుడూ సంతోషంగా ఆరుబయట పడుకోలేదా అని అడగొచ్చు. పడుకున్నారు. శివరాత్రికి ఏడుపాయల జాతర చూడండి. మంజీర ఏడు పాయలుగా చీలే చోట, రాళ్ల మధ్య, చెట్ల కింద, ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చిన జనం బండి కిందనే మకాం వేస్తారు. వంట అక్కడే, నిద్ర అక్కడే, ఆట పాట అక్కడే. బండ్లు ఊరేగించడం ఆ జాతరలో ఒక పెద్ద ఘట్టం. మన మెదక్ చర్చి చూడండి. కరువు కాలంలో పోస్నెట్ దొర ఆధ్వర్యంలో పనికి అన్నం పెట్టి కట్టించిన కట్టడం, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. రాళ్లెత్తినవాళ్లలో మన వాడల జనం ఎందరో. క్రిస్మస్‌కు పల్లెల నుంచి వచ్చి ఆ మైదానంలో చలిలో దుప్పట్లు కప్పుకుని పడుకునే కుటుంబాలకు క్యాంపింగ్ ఎవరూ నేర్పలేదు. ఆ రాత్రి వాళ్లు ఎవరి సామానూ మోయరు. తమ మూట తామే తెచ్చుకుంటారు. విహారానికి నేనిచ్చే నిర్వచనం అదే. నీ మూట నువ్వే మోసుకుని, నీ ఇష్టం వచ్చిన చోట దించుకోగలగడం.

చట్టం చెప్పింది, అడవి వినాలి

1950 జనవరి 26 నుంచి మన రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 17వది అంటరానితనాన్ని. 19వది దేశమంతా తిరిగే హక్కునిచ్చింది. 15వ అధికరణం రెండో భాగం ఒకసారి తెరిచి చదవండి. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, స్నాన ఘట్టాలు, రోడ్లు, జనం కూడే తావులు, వీటిలో ఎవరినీ కులం పేరుతో, మతం పేరుతో ఆపకూడదంటుంది. ఆ జాబితాలో చెరువు అనే మాట చదివినప్పుడల్లా నాకు దౌలతాబాదు కొలనే కనిపిస్తుంది. ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు ఆ కోట గుమ్మంలో నిలబడి తిట్లు తిన్న మనిషే.

ఇంకొక తేదీ. మన పోచారాన్ని అభయారణ్యం చేసిన 1952లోనే, ఆగస్టులో, 1871 నాటి నేరస్త తెగల చట్టం రద్దయింది. తిరుగుతూ, డేరాలేసుకుని బతకడాన్నే నేరం చేసిన చట్టం అది. మద్రాసు రాజ్యంలో ఉప్పు, ధాన్యం మోసుకుని ఊళ్లు తిరిగిన ఎరుకలవాళ్లను దాని కింద నేరస్తులన్నారు. దొర డేరా వేస్తే వేట, ఎరుకలాయన డేరా వేస్తే ఠాణాలో హాజరు. ఒకే ఏడు అడవి జంతువుకు రక్షణ దొరికింది, అడవి దారుల మనిషి నెత్తిన ముద్ర పోయింది. చట్టంలో పోయింది, చూపుల్లో ఇంకా పోలేదు.

ఇవాళ అభయారణ్యాల్లో గేటు దగ్గర కులం అడగరు. నిజమే. కానీ అడవిలో ఎవరు అతిథి, ఎవరు అనుమానితుడు అన్న లెక్క ఇంకా ఉంది. కారులో వచ్చినవాడు ప్రకృతి ప్రేమికుడు. సైకిల్ మీద కట్టెల మోపుతో వచ్చిన వాడ మనిషి దొంగ. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసేతరులు 75 ఏళ్లుగా అక్కడ ఉన్నామని రుజువు చూపాలి. తరతరాలుగా పేరు ఎక్కడా రాయని మనుషుల్ని కాగితం అడగడమంటే ఏమిటో, పైన వేట ఫోటో సంగతి చదివాక మీకు చెప్పనక్కర్లేదు.

అందుకే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, తప్పక తిరగండి. పోచారం పోండి, నల్లమల పోండి, కవ్వాల పోండి, వేరూళ్ పోండి. పేరు దాచకుండా పోండి. డేరా వేసేటప్పుడు మాత్రం మూడు పనులు చెయ్యండి. మీ సామాను మీరే మోయండి. కట్టెలు, నీళ్లు, వంట, గిన్నెలు వాటాలేసుకుని చెయ్యండి, ఆడపిల్లల మీదా, ఒక కులం మీదా వదిలెయ్యకండి. చుట్టుపక్కల ఊరి మనిషిని తోడు తీసుకుంటే కూలి ముందే మాట్లాడుకుని పూర్తిగా ఇవ్వండి, అతని పేరు అడిగి రాసుకోండి.

నాలుగో పని అన్నిటికన్నా ముఖ్యం. మీ వాడల్లో ఎనభై దాటిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. దౌరాలు చూసినవాళ్లు, వేటకు డప్పు కొట్టిన తండ్రుల కథలు విన్నవాళ్లు. ఏ అడవి, ఏ దొర, ఎన్ని రోజులు, తిండి ఎవరు పెట్టారు, కూలి దక్కిందా, ఎవరైనా తిరిగి రాలేదా అని అడగండి. ఫోన్‌లో రికార్డు చెయ్యండి. వాళ్ల పేరు, ఊరి పేరు స్పష్టంగా చెప్పించండి. వాళ్లు పోయినాక ఈ చరిత్రకు కర్జన్ ఫోటో ఒక్కటే మిగులుతుంది.

వచ్చే భాగంలో మంజీర ఒడ్డు తండాల గురించి, ఎద్దుల మీద ఉప్పు మోసుకుని దేశమంతా నడిచిన లంబాడీల దారుల గురించి రాస్తాను.

జై భీమ్.